చేత్తో నడిచే సివిక్

మా ఆయన మల్లేశ్వర్ పాత హోండా సివిక్ కొంటానన్న రోజు నేను పొయ్యి వెలిగించలేదు. మూడేళ్ల కింద లారీ గుద్ది ఆయన కుడికాలు మోకాలి పైదాకా పోయింది. అంతకుముందు ఎయిర్‌పోర్టు క్యాబ్ నడిపేవాడు. మళ్లీ నడపాలని ఉంటే చిన్న బండి చాలదా? ఉరికే బండే కావాలని ఉడుంపట్టు పట్టాడు.

ఆరాంఘర్ మెకానిక్ లక్ష్మణ్ స్టీరింగ్ కింద ఒక కడ్డీ బిగించాడు. దగ్గరికి లాగితే వేగం, ముందుకు తోస్తే బ్రేకు. గేర్లు ముందునుంచే స్టీరింగ్ వెనక ఉన్నాయి, వేళ్లతో నొక్కితే చాలు. లైసెన్సు కూడా ఆ ప్రకారం మార్పించుకున్నాడు. ఇక బండిని ఆర్టీఏ వాళ్లు చూసి ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే కడ్డీ విప్పాలి, ఈయన మళ్లీ పక్క సీటుకే.

ఆర్టీఏ ఆఫీసులో ఇన్‌స్పెక్టర్ రాజశేఖర్ గారు బండి చుట్టూ తిరిగి, "చిన్నది తీసుకోవచ్చు కదండీ, ఇంత జోరు బండి ఎందుకు?" అన్నారు. అచ్చం నా మాటే. నాకు లోపల భలే సంతోషమైంది.

"సార్, మూడేండ్ల సంది ఎవలన్న తీస్కపోతెనే పోతున్న. దవాఖానకు, ఆఫీసులకు. ఊకెనే పోవుడన్నది లేదు," అన్నాడు మా ఆయన. "గిప్పుడు పోతె మనసుదీర పోవాలె."

ఆ మాట నాతో ఒక్కనాడూ అనలేదు. అని ఉంటే పొయ్యి వెలిగించేదాన్ని.

ఇన్‌స్పెక్టర్ పక్కన కూర్చుని మైదానంలో రెండు చుట్లు తిప్పించారు. నేను గోడ పక్కన నిలబడి కొంగు నములుతున్నాను. మూడో చుట్టులో బండి ఉరికింది. ఇన్‌స్పెక్టర్ గారు చెయ్యెత్తగానే గీసిన గీత మీద ఆగింది. ఆయన ఒళ్లో ఉన్న ఫైలు మాత్రం ఆగలేదు, ఎగిరి అద్దానికి తగిలింది.

"నేనూ బ్రేకు తొక్కానమ్మా, నా కాళ్ల దగ్గర ఏమీ లేకపోయినా," అని దిగుతూ నాతో చెప్పి, నవ్వుకుంటూ సంతకం పెట్టారు. నాకు ఏడుపాగలేదు.

తిరుగు దారిలో శంషాబాద్ దాటాం. పాల్మాకులలో మా ఇంటి మలుపు వచ్చింది. బండి తిరగలేదు.

"మలుపు దాటినవ్," అన్నాను.

"తెల్సు."

"మరి ఎటు పోతున్నం?"

"ఏమో," అన్నాడు. ముఖమంతా నవ్వే.

ఇంట్లో నానబోసిన బియ్యం గుర్తొచ్చింది. నానితే నాననీ అనుకుని అద్దం దించాను.

"ఇగ గింత మెల్లగనా? జర జోరుగ పోనియ్," అన్నాను.