నేను ఎత్తుకోకూడని పాప

నా హస్తవాసి అంటే నాకు చాలా గర్వం. గుక్కపట్టి ఏడుస్తున్న పిల్లను నా చేతికిస్తే చిటికెలో ఊరుకోబెడతానని మా ఆఫీసులో నాకు పేరు. ఆ పేరే ఒకసారి కొంప మీదికి తెచ్చింది. నా కొంప అయితే పోనీలే అనుకునేదాన్ని, అది ఇంకొకరిది.

నా ఉద్యోగం ఇళ్ళకు తిరగడం. మూడేళ్ళలోపు పిల్లలున్నవాళ్ళు మా ఆఫీసులో పేరు ఇస్తే, వారానికి ఒక గంట వాళ్ళింటికి వెళ్ళి కూర్చుంటాను. తల్లి ఎలా ఉందో అడుగుతాను, పిల్ల ఎలా ఉందో చూస్తాను. మందులివ్వను, సూదులు వేయను. నా సంచిలో ఒక గుడ్డ బొమ్మ ఉంటుంది, సరిగ్గా పసిపిల్లంత బరువు. తల్లి తన బిడ్డను ఎత్తుకుంటే నేను బొమ్మను ఎత్తుకుంటాను. ఏది చూపించాలన్నా బొమ్మ మీదే చూపించాలి, బిడ్డను మాత్రం మనం తీసుకోకూడదు. ఉద్యోగంలో చేరిన మొదటి రోజు చెప్పే మాట ఇది. పంతొమ్మిదేళ్ళుగా కొత్తవాళ్ళకు ఆ మాట వేలు చూపించి మరీ చెబుతున్నది నేనే.

ఆ ఇల్లు నాలుగో అంతస్తులో ఉంది. లిఫ్టు పనిచేయదు. ఇంటాయన లిఫ్టు మెకానిక్. మొదటిరోజు రొప్పుతూ పైకెక్కి, ఇదేం న్యాయమయ్యా అని అడిగితే, "ఇది మా కంపెనీ లిఫ్టు కాదు మేడమ్, ముట్టుకోకూడదు" అన్నాడు, నవ్వకుండా. ఆయన భార్య బేకరీలో కేకుల మీద పేర్లు రాస్తుంది. ఎంత పొడుగు పేరైనా చెయ్యి వణక్కుండా ఒక్క గీతలో రాసేస్తుందట. కాన్పు సెలవులో ఉంది. పాపకు మూడున్నర నెలలు. పాపకు చక్కటి పేరే పెట్టారు గానీ, తండ్రి 'సైరన్' అని పిలుస్తాడు. ఆ గొంతు నాకు రెండో అంతస్తు మెట్ల మీదే వినిపించేది.

డాక్టరు రెండుసార్లు చూశారు. బరువు బాగుంది, చెవులు బాగున్నాయి, కొందరు పిల్లలు మొదటి నెలల్లో ఇలాగే ఏడుస్తారు, అదే తగ్గుతుంది అన్నారు. ఆ మాట విని డాక్టరు ఇంటికి పోయి నిద్రపోయి ఉంటారు. ఈ అమ్మాయికి మాత్రం నిద్ర లేదు. పాపను వేడి గిన్నె పట్టుకున్నట్టు పట్టుకునేది, ఎప్పుడు దింపేద్దామా అన్నట్టు.

నేను మూడోసారి వెళ్ళిన రోజు పాప నలభై నిమిషాలుగా ఏడుస్తోంది. భర్త కూడా ఇంట్లోనే ఉన్నాడు. ఒక పక్క నాలుగంతస్తుల ఆయాసం, ఇంకో పక్క చెవులు చిల్లులు పడే ఏడుపు. ఓపిక నశించి, "ఇటివ్వు తల్లీ" అని పాపను లాక్కున్నంత పని చేశాను. భుజాన వేసుకుని, నడుము దగ్గర అరచెయ్యి ఆనించి, నాలుగడుగులు అటూ ఇటూ వేశాను. రెండు నిమిషాల్లో నిద్రపోయింది. మెడల్ ఎక్కడ వేస్తారా అన్నట్టు చుట్టూ చూశాను.

"చూశావా, ఆవిడ చేతిలో ఎలా ఊరుకుందో" అన్నాడు భర్త భార్యతో. "అంతా పట్టుకోవడంలోనే ఉంది."

"మీ చేతులే చేతులు ఆంటీ" అంది ఆ అమ్మాయి, నవ్వుతూ. ఆ నవ్వు నాకు అప్పుడే అర్థమై ఉండాల్సింది. అర్థం కాలేదు సరికదా, ఆ పొగడ్త నెమరేసుకుంటూ హాయిగా నాలుగంతస్తులూ దిగాను.

మరుసటి వారం వెళ్ళేసరికి హాల్లో నేల మీద ఒక పెద్ద బ్యాగు తెరిచి ఉంది. ఆ అమ్మాయి పాప చొక్కాలు మడిచి అందులో పెడుతోంది. పాప పక్కనే చాప మీద, వింతగా, ఏడవకుండా పడుకుని ఉంది.

"పాప వాళ్ళ మేనత్త దగ్గరికి వెళ్తోంది ఆంటీ. పై ఆదివారం మా వదిన వచ్చి తీసుకెళ్తుంది."

"ఎన్నాళ్ళకు?"

"నడకొచ్చేదాకా. మాటలొచ్చేదాకా. తెలీదు."

ఆ వదిన ఉండేది రైల్లో ఆరు గంటల దూరంలో. స్కూలు బస్సు నడుపుతుంది. ఇద్దరు పిల్లల్ని పెంచి పెద్దచేసింది.

"ఆవిడ అడిగారా?"

"వదిన అడగలేదు. నేనే ఫోన్ చేసి అడిగాను." చొక్కా మడత విప్పి మళ్ళీ మడిచింది. "మీ చేతుల్లో రెండు నిమిషాల్లో నిద్రపోయింది కదా ఆంటీ. కింద షాపావిడ ఎత్తుకున్నా ఊరుకుంటుంది. నా దగ్గర తప్ప అందరి దగ్గరా బాగుంటుంది. దానికి నేనంటే గిట్టదు. మంచి చేతుల్లో పెరగనివ్వండి."

"నీకు పంపాలని ఉందా?"

ఇంకో చొక్కా తీసి మడత పెట్టింది. "లేదు" అంది చివరికి, చొక్కాతో చెప్పినట్టు.

నాకు తల కొట్టేసినట్టయింది. ఆ బ్యాగు సర్దింది ఆ అమ్మాయి కాదు, నేను. రెండు నిమిషాల గొప్ప కోసం ఒక తల్లికి నువ్వు పనికిరావని రుజువు చేసి చూపించాను. ఆ రోజు సంచిలోంచి బొమ్మ తీశాను, ఏదేదో చూపించాను, ఆ అమ్మాయి మర్యాదకు చూసింది. మెట్లు దిగుతూ నన్ను నేను తిట్టుకున్న తిట్లు ఇక్కడ రాయలేను.

ఆఫీసుకు వెళ్ళి మా పెద్ద మేడమ్ దగ్గర ఒప్పుకున్నాను. ఆవిడ పెద్దరికమంతా కుర్చీలోనే, వయసులో నాకంటే ఎనిమిదేళ్ళు చిన్నది.

"ఈ పని కొత్తవాళ్ళు చేస్తే మీరేం చేస్తారు?" అని అడిగింది.

"మూడు రోజులు వాళ్ళ ముఖం చూడను."

"అయితే మూడు రోజులు అద్దం చూడకండి. ఆ తర్వాత ఫోన్ తీసుకుని వెళ్ళండి, వీడియో తీయండి."

మా పనిలో ఇదొక పద్ధతి. తల్లీబిడ్డలను కాసేపు ఫోన్లో తీసి, అందులో బాగున్న ముక్కను తల్లికి చూపిస్తారు. నాకు ముందునుంచీ ఆ సినిమా షూటింగు అంటే చిరాకు. నా చేతులుండగా ఫోనెందుకు అనుకునే రకాన్ని. ఈసారి నోరు మూసుకుని వెళ్ళాను.

"నిన్నూ పాపనూ కాసేపు వీడియో తీయనా? మీ ఇద్దరికీ తప్ప ఎవరికీ చూపించను" అని అడిగాను.

"ఏడుపు తీస్తారా?"

"ఏముంటే అది తీస్తాను. నీ పని నువ్వు చేసుకో."

పాప తండ్రి ఒడిలో ఉంది. ఆ అమ్మాయి వంటింట్లోంచి కడిగిన పాలసీసాలు తెచ్చి కిటికీ దగ్గర బోర్లించింది, మళ్ళీ వంటింటి గుమ్మం దాటి లోపలికి వెళ్ళింది, తువ్వాలు తీసుకుని మళ్ళీ కిటికీ దగ్గరికి వచ్చింది. ఒక్కసారి కూడా ఇటు తిరగలేదు. తిరిగితే ఎక్కడ ఏడుస్తుందోనని భయం. కాసేపటికి పాప ఏడుపు మొదలుపెట్టింది, నేను ఫోన్ ఆపాను.

ఆ ఏడుపు కాస్త సద్దుమణిగాక ముగ్గురం నేల మీద కూర్చున్నాం. శబ్దం తీసేసి ఆమె చేతికి ఫోనిచ్చాను. ఇరవై రెండు సెకన్లు. తండ్రి గిలక్కాయ ఆడిస్తున్నాడు, పాప దాన్ని చూడటం లేదు. ఆ చిన్న తల కిటికీ వైపు తిరిగింది, గుమ్మం వైపు తిరిగింది, మళ్ళీ కిటికీ వైపు. గుమ్మం చాటున అమ్మ కనబడని ఆ రెండు సెకన్లూ కాళ్ళు ఆడించడం కూడా మానేసింది.

"ఎవరిని చూస్తోంది?" అంది ఆ అమ్మాయి.

"నువ్వే చెప్పు."

మళ్ళీ చూసింది. మళ్ళీ చూసింది. ఏడోసారి ఫోన్ ముఖానికి దగ్గరగా పెట్టుకుంది. భర్త గిలక్కాయ పక్కన పడేసి, "నన్ను ఒక్కసారి కూడా చూడలేదు దొంగముఖం" అన్నాడు. అంటూనే పాప తల నిమిరాడు.

"మరి నా దగ్గరెందుకు అంత ఏడుస్తుంది ఆంటీ?"

"నీకు కష్టమొస్తే ఎవరి దగ్గర ఏడుస్తావు? మీ బేకరీ ఓనరు దగ్గరా?"

"ఆయన దగ్గరెందుకు ఏడుస్తాను? మా అమ్మ దగ్గర."

అన్నాక తనే ఆగిపోయింది. ఇక ఆపుకోలేక వెక్కివెక్కి ఏడ్చింది. భర్త పాపతో సహా జరిగి దగ్గరగా కూర్చున్నాడు. నేను కూడా కళ్ళు తుడుచుకున్నాను, బొమ్మ కాళ్ళతో. ఆ గంటలో నేను చేసిన మంచి పని ఏదైనా ఉందంటే, తర్వాత పాప నలభై నిమిషాలు వాళ్ళమ్మ భుజం మీద ఏడుస్తుంటే బొమ్మను భుజాన వేసుకుని నోరెత్తకుండా కూర్చోవడం.

కానీ బ్యాగు మాత్రం అక్కడే ఉంది. "మాట ఇచ్చేశాను, వదిన సెలవు పెట్టి టికెట్టు కొనుక్కుంది, ఇప్పుడు వద్దంటే ఏమనుకుంటుంది?" అంది ఆ అమ్మాయి. శనివారం ఫోన్ చేసింది. "రేపు ఒక్కసారి వస్తారా ఆంటీ? మీరేం మాట్లాడొద్దు. ఊరికే ఉండండి."

ఆదివారం నాకు సెలవు. అయినా వెళ్ళాను.

ఆడపడుచు అప్పటికే వచ్చేసింది. భారీ మనిషి, గొంతు కూడా మనిషికి తగ్గట్టే ఉంది. చెడ్డ మనిషి కాదు, ఆ ముక్క ముందే చెప్పాలి. నలభై మంది పిల్లల గోల వెనకేసుకుని రోజూ బస్సు నడిపే ఆవిడకు ఒక్క పిల్ల ఏడుపు ఒక లెక్క కాదు. "రావే నా బంగారం" అని పాపను ఎత్తుకుంది. పాప ఒక నిమిషం కొత్త ముఖాన్ని పరీక్షగా చూసి, సైరన్ మోగించింది. ఆవిడ ఊపింది, జోకొట్టింది, కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి కాకిని చూపించింది. కాకి ఎగిరిపోయింది గానీ ఏడుపు ఆగలేదు.

"మేడమ్, మీరొక్కసారి ఎత్తుకోండి" అన్నాడు భర్త, కంగారులో అన్నీ మరిచిపోయి. "మీరైతే ఊరుకోబెడతారు."

"ఈవిడేనా? తీసుకోండి మరి" అని ఆడపడుచు పాపను నా వైపు చాపింది.

అబద్ధం ఎందుకు, నా చేతులు దురద పెట్టాయి. ఎక్కడ పట్టుకోవాలో, ఎన్ని అడుగులు వేయాలో నాకు తెలుసు. రెండు నిమిషాల్లో గది నిశ్శబ్దమవుతుంది, రెండు గంటల్లో పాప రైలెక్కుతుంది.

"నేను తీసుకోనండి. వాళ్ళమ్మ ఉందిగా" అన్నాను.

ఆ అమ్మాయి లేచింది. పాపను తీసుకుని భుజాన వేసుకుంది. నేను లోపల దండాలు పెట్టుకుంటున్నాను, ఊరుకోవే తల్లీ, ఈ ఒక్కరోజు ఊరుకో అని. పాప ఎందుకు వింటుంది? ఇంకా గట్టిగా ఏడ్చింది. గోడ గడియారంలో ఐదు నిమిషాలు అయ్యాయి, పది అయ్యాయి. ఆ అమ్మాయి కిటికీ నుంచి గుమ్మం దాకా, గుమ్మం నుంచి కిటికీ దాకా నడుస్తూనే ఉంది. ముఖం చెమటతో తడిసింది. చేతులు మాత్రం వణకలేదు.

"చూశావుగా, నీ దగ్గరా ఊరుకోవడం లేదు" అంది ఆడపడుచు, జాలిగానే. "ఇటిచ్చేయమ్మా. నాకు అలవాటే."

"ఊరుకోకపోతే పోనీ వదినా." ఆ అమ్మాయి నడక ఆపలేదు, గొంతు పెంచలేదు. "దాని ఏడుపేదో నా దగ్గరే ఏడవనీ. ఎంతసేపైనా ఏడవనీ, నేనిక్కడే ఉంటాను. మిమ్మల్ని రమ్మన్నది నేనే, తప్పు నాదే. కానీ అది ఎక్కడికీ రాదు."

భర్త అక్క వైపు చూశాడు, భార్య వైపు చూశాడు. చివరికి వెళ్ళి భార్య పక్కన నిలబడ్డాడు.

ఆడపడుచు వెళ్ళి బ్యాగు ముందు చతికిలబడి జిప్పు లాగింది. ఒక్కొక్క చొక్కా తీసి పక్కన పెట్టడం మొదలుపెట్టింది. "ఇవెక్కడ పెట్టాలో చెప్పరా" అంది తమ్ముడితో. "నాలుగు రోజులు సెలవు పెట్టుకుని వచ్చాను. ఆ సెలవేదో ఇక్కడే వాడేస్తాను. వంట నాది, సీసాలు నావి. నువ్వు మాత్రం ఇంకో కాకిని వెతుకు, పిల్లకు ఇందాకటిది నచ్చినట్టు లేదు."

నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. ఎంత సంతోషమంటే, ఆ భారీ మనిషిని కావలించుకున్నాను. ఆవిడ బిత్తరపోయి నా వీపు తట్టింది, జోకొట్టినట్టే. పాప ఇంకో పావుగంట ఏడ్చి, అలిసి, వాళ్ళమ్మ మెడ మీదే నిద్రపోయింది. అప్పటికి మేమెవరమూ గడియారం చూడటం లేదు.

బయల్దేరుతుంటే ఆ అమ్మాయి పాపను దించకుండానే గుమ్మం దాకా వచ్చింది.

"వచ్చే వారం మా ఇంటికి రావద్దు ఆంటీ."

నా ముఖం వాడిపోయిందేమో, గబగబా అందుకుంది. "రెండో అంతస్తులో ఒకమ్మాయి ఉంది. నెల పిల్లాడు. రోజూ మెట్ల మీదికి ఏడుపు వినిపిస్తుంది, పిల్లాడిది కాదు, ఆ అమ్మాయిది. మన ఆఫీసులో పేరిస్తావా అని నిన్న వెళ్ళి అడిగాను. ఇస్తానంది. వచ్చే వారం అక్కడికి వెళ్దాం, నేనూ వస్తాను."

"నువ్వొచ్చి ఏం చేస్తావు?"

"ఏమీ చేయను. పక్కన కూర్చుంటాను. మీ ఉద్యోగం అంతే కదా."

పంతొమ్మిదేళ్ళలో నా ఉద్యోగం గురించి ఇంత సరిగ్గా ఎవరూ చెప్పలేదు, నేను కూడా. ఏ గంటకు అని అడిగాను. పదకొండున్నరకు, అప్పుడైతే ఇది పడుకుని ఉంటుంది, అంది. పాపను భుజాన సర్దుకుని, "పడుకోకపోయినా తీసుకొస్తానులెండి" అంది.