మూడు గళ్లలోనూ టిక్కు

మార్చి పద్దెనిమిది, మంగళవారం. ఆ పొద్దున లెక్కలమ్మాయి తిన్నది రాత్రి మిగిలిన అన్నం, ఇంత ఉప్పు, సగం ఉల్లిపాయ. మిగతా సగం నాన్న టిఫిన్ డబ్బాలోకి వెళ్లింది. తేదీ అంత బాగా గుర్తుండిపోవడానికి కారణం ఉంది. అద్దకం మిల్లు గేటు ముందు పెద్దమ్మ బిందె దొర్లింది ఆ రోజే.

ఇంకా రెండు ముద్దలుండగా కేకలు వినపడ్డాయి. ఎంగిలి చేత్తోనే పరిగెత్తింది. మిల్లు వదిలే రంగునీళ్లకు ఊళ్లో బావులన్నీ పాడయ్యాయి. మిగిలినవి ఆ గేటు పక్క కుళాయి ఒకటి, గుట్ట కింద బావి ఒకటి. ఆడవాళ్లు వెలుగు రాకముందే కుళాయి దగ్గర వరస కడతారు. కాపలావాడు వచ్చి వరసలో మొదటి బిందెను కాలితో తన్నాడు. నీళ్లు మట్టిలో కలిశాయి.

"ఏరా, మీ ఇంట్లో బిందె కూడా ఇలాగే తంతావా?" అంది పెద్దమ్మ. ఇస్త్రీ బండి మీద బతికే మనిషి, మాట కూడా పెట్టె అంత వేడి.

"నన్నేం చెయ్యమంటావక్కా? చుక్క నీళ్లు బయటికి పోయినా రేపట్నుంచి నన్ను పనిలోంచి తీసేసి గేటు బయట నిలబెడతామన్నారు."

అంటూనే వాడు వంగి, దొర్లిన బిందెను లేవనెత్తి, దాని మూతికంటిన మట్టి తన చొక్కాతో తుడిచి ఇచ్చాడు. అది లెక్కలమ్మాయి చూసింది. కోపం ఎవరి మీద పడాలో తెలియక గుండెలోనే తిరిగింది.

వీధిలో అందరూ ఆమెను లెక్కలమ్మాయి అంటారు. డిగ్రీ చదివి రెండేళ్లు ఖాళీగా కూర్చున్నాక మున్సిపాలిటీ వాళ్లు 'ఊరి అవసరాల సర్వే'కి తీసుకున్నారు. సక్రమంగా చేస్తే ఉద్యోగం ఖాయం చేస్తామన్నారు. ఇంటికో ఫారం, ఫారంలో మూడు గళ్లు. ఒకటి, పని. రెండు, బడి, ఆసుపత్రి. మూడు, నీళ్లు, గాలి. కింద ఒక ముక్క: 'ఒక్కదానికే టిక్కు పెట్టవలెను.'

సగం ఇళ్లకు పైగా పని అంటే మిల్లుకు రెండో షెడ్డు కట్టుకోవడానికి అనుమతి వస్తుంది. దాని కాలువ గుట్ట కింద బావి పక్కగానే పోతుంది. "ఊరే పని కావాలంటుంటే మేం కాదంటామా అమ్మా?" అని సర్వే అధికారి నవ్వుతూ చెప్పాడు.

ఆ మర్నాటి నుంచి తొమ్మిది రోజులు ఆమె గడప గడపా తిరిగి, "ఒక్కటే చెప్పండి" అని అడిగింది. అడిగిన ప్రతి గడపలోనూ గొడవే. మగవాళ్లు పని అన్నారు, ఆడవాళ్లు నీళ్లు అన్నారు. నీళ్లన్నందుకు మిల్లు వాళ్లు పెద్దమ్మకు ఇస్త్రీ బట్టలివ్వడం మానేశారు. సొంత ఇంట్లోనూ అదే తంతు.

"పని పోతే నీ నీళ్లు తాగి బతుకుతామా వదినా?" అన్నాడు నాన్న. పాతికేళ్లు మిల్లులో రంగు తొట్ల దగ్గర నిలబడి మోచేతుల దాకా నీలంగా మారినవాడు.

"నీళ్లు పోతే దేంట్లో ముంచుతావు నీ బట్టలు? కన్నీళ్లలోనా?" అంది పెద్దమ్మ.

పదో రోజు ఒక ఇంట్లో తొట్లు కడిగే మనిషి మంచం మీద దగ్గుతున్నాడు. అతని భార్య ఫారం చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది.

"ఈ దగ్గు పనిలో తెచ్చుకున్నాడు. ఆ గాలి పీల్చి తెచ్చుకున్నాడు. ఆసుపత్రి లేక ముదిరింది. ఇది ఏ గడిలో రాస్తావమ్మా?"

లెక్కలమ్మాయి పెన్ను తీసింది. మూత పెట్టింది. మళ్లీ తీసింది. తొమ్మిది రోజులుగా తాను ఇల్లిల్లూ తిరిగి పెడుతున్నది టిక్కు కాదనీ, తగువనీ అప్పుడు తెలిసింది. తల కొట్టేసినట్టయింది.

ఆ సాయంత్రం బడి వరండాలో ఆమె మీటింగు పెట్టింది. కూర్చోడానికి చోటు లేక జనం మెట్ల మీద, గోడ మీద, ఒకరి ఒళ్లో ఒకరు. ఆమె సర్వే నియమాల పుస్తకం తెరిచింది. "ఒకటి కన్నా ఎక్కువ టిక్కులుంటే ఫారం చెల్లదు. చెల్లనివి సగం దాటితే సర్వేయే రద్దు. సర్వే లేనిదే షెడ్డుకు అనుమతి లేదు. గడువు లోపు ఇంటివాళ్లు ఫారం మార్చి రాసుకోవచ్చు. ఇదీ ఇందులోనే ఉంది."

"షెడ్డు రాకపోతే మా పిల్లలకు పనెవరిస్తారు?" వెనక నుంచి ఎవరో అరిచారు.

"మొదటి షెడ్డు కట్టినప్పుడూ వందమందికి పనన్నారు. ఎంతమందికిచ్చారు? ముప్పై! నేను లెక్క పెట్టాలా, నువ్వు పెడతావా?" ఇంకొకరు.

"పనీ కావాలి, నీళ్లూ కావాలి. ఒకటి తీసుకుని రెండోది వదులుకోమనడానికి వాడెవడు?"

అరుపులు, ఈలలు. ఆ గోలలో నాన్న లేచాడు. కూతురి దగ్గరికొచ్చి నెమ్మదిగా అడిగాడు.

"మరి నీ ఉద్యోగం?"

"అదీ మొదటి గడిలోదే కదా నాన్నా. మిగతా రెండూ కొట్టేసి అదొక్కటి ఉంచుకోలేను."

నాన్న పెన్ను అందుకున్నాడు. నీలం వేళ్లతో, నాలుక పళ్ల మధ్య పెట్టుకుని, మూడు టిక్కులు పెట్టాడు. మూడోది గడి దాటి బయటికి పోయింది. "చదువు రాకపోయినా అడగడం వచ్చు," అన్నాడు. పెద్దమ్మ ఫకాలున నవ్వి, "ఇటు తే మరిదీ, నీ నీలం నాక్కూడా అంటనీ," అని పెన్ను లాక్కుంది.

రెండు రోజుల్లో ఆరువందల నలభై ఇళ్లలో నాలుగువందల పదకొండు ఫారాలు మూడు టిక్కులతో అధికారి బల్ల మీదికి చేరాయి. ఆఖరిది కాపలావాడిది. అధికారి నవ్వు ఆరిపోయింది.

"జనాన్ని రెచ్చగొట్టి ప్రభుత్వ కాగితాలు పాడు చేయించావు."

"పాడు కాలేదు సార్. పూర్తయ్యాయి."

చీకటి పడకముందే పోలీసు జీపు వచ్చింది. ఆమెను ఎక్కించుకుని పోతుంటే వీధి వీధే వెనక నడిచింది. స్టేషన్ ముందు నాలుగువందల గొంతులు లేచాయి: "మా చేత్తో మేం రాశాం! మమ్మల్నీ పట్టుకోండి!" ఇన్‌స్పెక్టరు చెదిరిపొమ్మన్నాడు. ఎవరూ కదల్లేదు. తొట్ల వాళ్లు షిఫ్టుకు వెళ్లకుండా మెట్ల మీద కూర్చున్నారు. మర్నాడు పొద్దున మిల్లు గేటు దగ్గర ఎవరు నిలబడాలో, కుళాయి ఎవరు తెరవాలో అక్కడే పంచుకున్నారు. కాపలావాడు ఈల మెళ్లోంచి తీసి జేబులో వేసుకుని పెద్దమ్మ పక్కన చోటడిగాడు. ఆమె జరిగింది.

లోపల మహిళా కానిస్టేబులు లెక్కలమ్మాయికి ఒక దుప్పటి, గ్లాసుడు నీళ్లు ఇచ్చింది. నీళ్లు నీలంగా ఉన్నాయి. ఇద్దరూ గ్లాసు వంక చూశారు.

"మా వీధికి రేపొస్తావనుకున్నాను," అంది కానిస్టేబులు గొంతు తగ్గించి. "మా ఇంటి ఫారం ఇంకా రాయలేదు."

"బల్ల మీద నా సంచీలో ఖాళీవి ఉన్నాయక్కా. తీసుకో."

కానిస్టేబులు వెనక్కి చూసింది. సంచీలోంచి ఒకటి తీసింది. మళ్లీ చెయ్యి పెట్టి, తన వీధి మొత్తానికి సరిపడా తీసి, మడిచి చొక్కాలో దాచుకుంది. బయట జనం ఇంకా మాట్లాడుకుంటూనే ఉన్నారు. ఆ మాటలు లోపలికి వినపడేలా కిటికీ రెక్క తెరిచి ఉంచి, కానిస్టేబులు బయటికి నడిచి, ఇనప తలుపును రెండు చేతులతో పట్టుకుని చప్పుడు కాకుండా మూసింది.