అయితేగియితే

నిఘంటువు ఆఫీసులో ఆమెను అందరూ పెద్దక్క అంటారు. పదకొండేళ్లుగా ఇంగ్లీషు మాటలకు తెలుగు అర్థాలు రాస్తోంది, తప్పని వేలెత్తి చూపినవాళ్లు లేరు. అలాంటి మనిషికి, చేరి మూణ్ణెల్లయినా కాని చిన్నమ్మాయిని చూస్తే ఒళ్లు మంట. అనుమానం తెలిపే ఇంగ్లీషు వాడుకమాటలు ఇద్దరికీ ఇచ్చి, మాటకో కార్డు మీద అర్థం రాయమని, ఎవరి కార్డులు బాగుంటే వాళ్లే ఉపసంపాదకులని సంపాదకుడు చెప్పాడు మరి.

‘ఫిషీ’కి పెద్దక్క ‘తేడా కొట్టే’ అని రాసి భేష్ అనిపించుకుంది. ‘ఇఫ్ఫీ’ దగ్గర మాత్రం ‘సందేహాస్పదమైన’ అని ఊరుకుంది. పెళ్లిబట్టలు కట్టుకుని కూరగాయలకు బయల్దేరినట్టుంది ఆ మాట.

చిన్నవాళ్ల కార్డులు పెద్దవాళ్లు దిద్దాకే సంపాదకుడి దగ్గరికి వెళ్లాలి. చిన్నమ్మాయి కార్డు బల్ల మీదికి వచ్చింది.

‘ఇఫ్ఫీ: అయితేగియితే. ఇఫ్ అనే మాటకు తోక తగిలిస్తే పుట్టింది. వాడు వస్తాడన్నది అయితేగియితే వ్యవహారం.’

పెద్దక్క కడుపు రగిలిపోయింది. ఇంట్లో రోజుకు పదిసార్లు తాను అనే మాటే, తనకెందుకు తట్టలేదు? ఇది అసూయేనని ఆమెకూ తెలుసు. తెలిసినంత మాత్రాన చల్లారుతుందా? ఎర్రకలంతో రాసింది: ‘పుట్టుక తప్పు. కొట్టేయాలి.’

సంపాదకుడు ఇద్దర్నీ పిలిచాడు. “ఇఫ్ నుంచి కాదా? ఒకసారి చూద్దాం ఉండండి,” అంటూ బీరువాలోని లావుపాటి పుస్తకం మీద చెయ్యి వేశాడు. అది తెరిస్తే పిల్ల రాసిందే ఒప్పని తేలుతుందని పెద్దక్కకు తెలుసు.

“ఎందుకు సార్,” అంది చిన్నమ్మాయి. “నేను చూసిన పుస్తకంలో అలాగే ఉంది. కానీ అక్క కాదందంటే పుస్తకమే తప్పయ్యుంటుంది.” తన కార్డు తానే చింపి బుట్టలో వేసింది.

నిజం చెప్పడానికి పెద్దక్క నోరు తెరిచింది. ఈలోగా సంపాదకుడు బీరువా మూసి, ఆమె వైపు తిరిగి, “అయితే ఉపసంపాదకురాలివి నువ్వేనమ్మా,” అన్నాడు. తెరిచిన నోటితో ఆమె థాంక్స్ చెప్పింది.

నిఘంటువు అచ్చయి వచ్చిన రోజు చిన్నమ్మాయి ఆ పేజీ తీసి చూపించింది. “సందేహాస్పదమైన... ఎంత నిండుగా ఉందో కదక్కా. నాది మరీ చిల్లరగా ఉండేది.”

వెటకారమేమోనని పెద్దక్క ఆ మొహంలోకి పరీక్షగా చూసింది. వెటకారం లేదు. ఒక మనిషిని అంతలా నమ్మడం తనకు ఏనాడూ చేతకాలేదు. దానికీ ఆ పిల్ల మీద కుళ్లుకుంది.