తలుపు కొట్టిన చప్పుడు

ఆస్పత్రిలో తమ్ముడి శవాన్ని చూసి, అక్కడి నుంచి ఎస్సై వెంట యూనివర్సిటీకి వెళ్ళాను. వాడు అక్కడ విత్తనాల డిపార్ట్‌మెంటుకు హెడ్డు. లెక్చరర్లు కూర్చునే గది గోడకే చల్లగది తలుపు ఉంది. విత్తనాలు చెడిపోకుండా దాచే గది అది. రాత్రి వాడు ఇంటికి రాకపోతే పని మీద ఏ ఊరో వెళ్ళాడనుకున్నారట. పొద్దున్నే అటెండరు గడియ తీసి చూస్తే, డబ్బాల అరల మధ్య మోకాళ్ళు ముడుచుకుని పడి ఉన్నాడట. గుండె జబ్బు మనిషి. ఆ చలికి రాత్రంతా ఎక్కడ ఆగుతాడు.

"గడియ బయట పెట్టి ఉంది. దానంతటది పడదు కదండీ," అన్నాడు ఎస్సై. "మీ అనుమానం ఎవరి మీదో చెబితే రాసుకుంటాను. ఆయన భార్య మిమ్మల్నే అడగమన్నారు."

అనుమానం అప్పటికే వరండాలో బెంచీ మీద కూర్చుని ఉంది. అది అటెండరు. పక్కన కానిస్టేబులు. ముందురోజు ఉదయం గడియ పెట్టడం మరిచాడని తమ్ముడు అతణ్ణి అందరి ముందూ చెడామడా తిట్టాడట. తర్వాత తన ఇంట్లో కొళాయి కారుతోందని, బాగుచేసి రమ్మని పంపాడట. అతను పొద్దుగూకాక వచ్చి, గదులకు తాళాలు వేసుకుని పోయాడు. ఆస్పత్రిలో వాడి భార్య, మా మరదలు కూడా అదే అంది. "అతనే బావగారూ. కొళాయి దగ్గర కూర్చున్నంతసేపూ గొణుగుతూనే ఉన్నాడు. వదిలిపెట్టొద్దు."

నేను అవునంటే అతను జైలుకు పోతాడు. ఆలోచించి చెబుతానని లెక్చరర్ల గదిలోకి నడిచాను.

గదిలో ముగ్గురు పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్నారు. వాళ్ళకు పేర్లు పెట్టి తమ్ముడు చెబుతూ ఉండేవాడు కాబట్టి చూడగానే పోల్చుకున్నాను. ఉపన్యాసం మాస్టారు, స్వెట్టరమ్మ, చేరిన నాటి నుంచీ తాత్కాలికంగానే ఉండిపోయిన తాత్కాలికం మాస్టారు.

"హెడ్డుగారిని ఆఖరుసారి ఎప్పుడు చూశారు?" అని ఎస్సై అడిగాడు.

"చూడటం అంటే ఏమిటో ముందు తేల్చుకోవాలండీ," అన్నాడు ఉపన్యాసం. "కళ్ళబడటం వేరు, గమనించడం వేరు."

"భోజనాలయ్యాక డబ్బా ఏదో చూడాలంటూ అటు వెళ్ళారు," అంది స్వెట్టరమ్మ. "తిరిగొచ్చారో లేదో మాకెలా తెలుస్తుంది? ఎవరి పేపర్లు వాళ్ళవి."

"నేనైతే తల ఎత్తలేదు సార్," అన్నాడు తాత్కాలికం. "తల ఎత్తితే ఆయన ఏదో ఒక పని చెబుతారు."

ఎస్సై నన్ను పక్కకు లాగాడు. "అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాయం. వీళ్ళకంటే మా స్టేషన్లో దొంగలు నయమండీ. అడిగినదానికి జవాబు చెబుతారు." ఫోను మోగితే మాట్లాడుతూ మెట్లు దిగిపోయాడు.

తమ్ముడు పోయిన చోటు ఒకసారి చూద్దామనిపించింది. తలుపు తీసుకుని లోపలికి వెళ్ళాను. పళ్ళు కటకటలాడే చలి. పైన యంత్రం ఒకటే హోరు. తలుపుకి లోపలి పిడి ఎప్పుడో ఊడిపోయింది. చలి బయటికి పోకుండా ఆ కంతలో దూది కుక్కారు. డబ్బాల మీద వాడి దస్తూరీ. ఒకదాంట్లో మా చేలో జొన్నలు. కోతలప్పుడు దోసెడు అడిగి పట్టుకెళ్ళాడు. ఇంత భద్రంగా దాచాడని నాకు తెలియదు.

వెనకాల టక్కుమంది. తోసి చూశాను. తలుపు కదల్లేదు.

అరిచాను. ఆ హోరులో నా గొంతు నాకే వినపడలేదు. పిడికిలితో తలుపు మీద బాదాను. రేకు తలుపు, బాగానే మోగింది. దూది పీకి కంతకు చెవి ఆనించాను.

"లోపలికి రండి," అన్నాడు ఉపన్యాసం.

మళ్ళీ కొట్టాను.

"రండి, తీసే ఉంది," అంది స్వెట్టరమ్మ.

మళ్ళీ కొట్టాను.

"రమ్మంటున్నాం కదా," అన్నాడు తాత్కాలికం, కొంచెం విసుగ్గా.

కుర్చీ జరిగిన చప్పుడు ఒక్కటీ లేదు. పేజీలు తిప్పుతున్న చప్పుడే. చలి మోకాళ్ళ దాకా పాకింది. తమ్ముడు కూడా ఇక్కడే నిలబడ్డాడు.

అంతలో వరండా నుంచి అటెండరు గొంతు వినపడింది. "అయ్యా, ఎవరో తలుపు కొడుతున్నారు."

"కూర్చో. కదిలావంటే పారిపోతున్నావని రాయాల్సొస్తుంది," అని కానిస్టేబులు కసిరాడు.

"రాసుకోండి."

చెప్పులు ఈడ్చుకుంటూ దగ్గరికొచ్చిన చప్పుడు. గడియ లేచింది. అటెండరు నిలబడి ఉన్నాడు. వెనకనుంచి కానిస్టేబులు అతని చొక్కా పట్టుకుని ఉన్నాడు.

"గడియ ఎవరు పెట్టారు?" అని అడిగాను.

ముగ్గురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. స్వెట్టరమ్మ తన కుడిచేతి వంక చూసుకుంది. "నేను మంచినీళ్ళకని లేచాను. అటు వెళ్తే చెయ్యి దానంతటదే పెట్టేస్తుందండీ."

"మా అందరి చేతులూ అంతే," అన్నాడు ఉపన్యాసం. "చలి పోతోందని ఆయనే అలవాటు చేశారు. పెట్టకపోతే తిట్లు."

"నిన్న కూడా ఇలాగే చప్పుడైందా?"

ఉపన్యాసం కలానికి మూత పెట్టాడు.

"అయింది," అన్నాడు తాత్కాలికం. "రమ్మన్నాం. రాలేదు. మళ్ళీ మళ్ళీ కొడుతుంటే, ఎవరో విద్యార్థి, వినయం ఎక్కువ అనుకున్నాం. తర్వాత ఆగిపోయింది. వెళ్ళిపోయాడనుకున్నాం."

"లేచి చూడలేదా బాబూ?"

"తలుపు తీయడం అటెండరు పనండీ."

ఎస్సై ఎప్పుడొచ్చాడో, గుమ్మంలో నిలబడి ఉన్నాడు. చేతిలో కలం అలాగే ఉంది. "ఇప్పుడెవరి పేరు రాయమంటారు?" అన్నాడు.

"అతన్ని ఇంటికి పంపెయ్యి బాబూ."

"మరి గడియ?"

"పెట్టమన్నది మా తమ్ముడు. నిన్న పెట్టిన చెయ్యి ఏదో ఆ చేతికే తెలియదు."

కానిస్టేబులు చొక్కా వదిలేశాడు. అటెండరు బెంచీ దగ్గరికి పోలేదు. చల్లగది తలుపు మూసి, గడియ మీదికి పోయిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మళ్ళీ తలుపు తెరిచి, లోపల ఎవరూ లేరని చూసుకుని, అప్పుడు పెట్టాడు.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి మరదలు గుమ్మంలోనే ఉంది.

"అతన్ని లోపలేశారా బావగారూ?"

"లేదమ్మా. అతను చేసింది కాదు." చూసిందంతా చెప్పాను. నాకు చెప్పడం రాదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. "అక్కడ చప్పుడైతే లేచే మనిషి అతనొక్కడే. నిన్న అతను అక్కడ లేడు."

ఆమె గోడ పట్టుకుని కింద కూర్చుంది. "కొళాయి పని కాసేపట్లో అయిపోయింది. వెళ్తానన్నాడు. నేనే ఆపాను, అటక దులిపి పొమ్మని. దానికే గొణిగాడు."

లోపలికి వెళ్ళి కాళ్ళు కడుక్కున్నాను. కొళాయి బాగా బిగించాడు. తిప్పి కట్టేస్తే చుక్క కూడా కారలేదు.