పుట్టింటి పేరు

కూతురు అశ్విత అడిగినప్పుడు కామాక్షమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"అమ్మా, మీ పుట్టింటి పేరు కస్తూరి కదా, పాపకు అదే పెడతాం. ఇప్పుడు ఇంటిపేర్లే పేర్లుగా పెడుతున్నారు. ఆడామగా ఎవరికైనా బాగుంటాది."

కామాక్షమ్మ అన్న పెంచలయ్యకు పిల్లలు లేరు. ఆ ఇంటిపేరు ఆయనతో ఆగిపోతుంది. లోపల ఎంత ఆశ పుట్టినా, "వద్దులేవే! వాళ్ల బిడ్డకు నా పుట్టింటి పేరేందని మీ అత్తోళ్లు అనుకోరా?" అని కొట్టిపారేసింది. అశ్విత అప్పటికే పెంచలయ్యకు ఫోన్ చేసి ఆ పేరు చెప్పిందని ఆమెకు తెలియదు.

పేరు పెట్టే రోజున పెంచలయ్య కొత్త చొక్కా తొడుక్కుని, పాపకు వెండి మురుగులు తీసుకుని ఉదయగిరి నుంచి ఆత్మకూరు వచ్చాడు. అల్లుడు పళ్లెంలో బియ్యం మీద ఉంగరంతో 'ఆర్య' అని రాశాడు. పెంచలయ్య వంగి చూశాడు.

"అశ్విత నాకు కస్తూరి అని గదా చెప్పింది?"

వింజమూరు వియ్యపురాలు రత్నమ్మ నవ్వింది. "మాకూ ఆ పేరే నచ్చిందన్నా. మీ చెల్లెలే వద్దనిందంట. పుట్టింటి మీద అంత కోపమేంది వదినా?"

అందరూ నవ్వారు. మీరేమంటారోనని భయపడ్డాననే మాట మింగి, కామాక్షమ్మా వాళ్లతో కలిసి నవ్వింది. ముందే రత్నమ్మను ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది.

పెంచలయ్య పాప చేతులకు మురుగులు తొడిగాడు. అందరిలాగే చెవి దగ్గర వంగి, "ఆర్యా" అని పిలిచాడు.

"ఇదీ బాగుండాది లేమ్మా, పిలవను సులువు" అన్నాడు, చెల్లెలి వైపు చూడకుండా.