హాస్టల్ మెట్ల మీద పదకొండుమంది

మేం చూస్తుండగానే వార్డెన్ ఒక పెట్టెను రెండో అంతస్తు నుంచి కిందికి తోయించాడు. మూత ఊడి పుస్తకాలు, చొక్కాలు బురదలో పడ్డాయి. ఆ పెట్టె 'పొడుగు' అనే మా తోటివాడిది. టైలరు కొడుకు. వాడి ఎత్తు చూసి అందరం అలాగే పిలిచేవాళ్ళం. వాడి నేరమల్లా ఇంకో కుర్రాడికి ప్రేమగా ఉత్తరం రాయడం. ఆ కుర్రాణ్ణి వాళ్ళ నాన్న ముందురోజే చెంపలు వాయించి కారెక్కించుకుపోయాడు. మళ్ళీ కబురు లేదు.

వందమందిమి చూస్తున్నాం. ఎవ్వరం కదల్లేదు. నేను అసలే కదల్లేదు.

ఎందుకంటే నేనూ అంతే. నాకు పదమూడేళ్ళప్పుడు నా నోటుబుక్కులో పేజీ నిండా ఒకే స్నేహితుడి పేరు చూసి, మెకానిక్ షెడ్డులో పనిచేసే మా అన్నయ్య నా వేళ్ళ మీద స్పానరుతో కొట్టాడు. "నాన్నకు తెలిస్తే చంపేస్తాడు. అందుకే నేను కొడుతున్నా" అన్నాడు. అప్పట్నుంచి నవ్వడం, నడవడం, ఒకరి వైపు చూడటం కూడా ఆచితూచి నేర్చుకున్నాను.

మధ్యాహ్నం విద్యార్థి సంఘం మీటింగు పెట్టింది. మెస్సు కార్మికులూ వచ్చారు.

"ఇది వాడి సొంత వ్యవహారం" అన్నాడు కార్యదర్శి. "మెస్సు కాంట్రాక్టరు మీద పోరాటం నడుస్తోంది. ఇప్పుడిది నెత్తికెత్తుకుంటే జనం నవ్వుతారు."

గిన్నెలు తోమే పెద్దమ్మ లేచింది. "కాంట్రాక్టరు మమ్మల్ని గెంటేసినప్పుడు ఈ పిల్లాడే గేటుకు అడ్డం పడుకున్నాడు. లాఠీ దెబ్బలు తిన్నాడు. నువ్వెవర్ని ప్రేమిస్తావురా అని అప్పుడడిగారా?"

"అది వేరు పెద్దమ్మా."

"నాకేం వేరుగా కనపడట్లేదు. అప్పుడు మా మూటలు బయటేశారు, ఇప్పుడు వాడి పెట్టె."

నేను లేచాను. "నేనూ వాడిలాంటివాణ్ణే. నన్నూ గెంటమనండి."

మూడేళ్ళుగా నా పక్క మంచం మీద పడుకుంటున్నవాడు కుర్చీ దూరంగా లాక్కున్నాడు. ఆ కీచుచప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. తర్వాత చివరి వరసలోంచి లైబ్రరీ క్లర్కు లేచాడు. నలభై దాటినా పెళ్ళి కాలేదని మేమంతా ఆటపట్టించే మనిషి. "నేను కూడా" అన్నాడు నేల చూస్తూ. ఆయన వెనక ఇద్దరమ్మాయిలు చేతులు పట్టుకుని లేచారు.

మీటింగుకొచ్చింది డెబ్బైమంది. పెట్టె తిరిగి గదికి చేరేదాకా కదిలేది లేదని హాస్టల్ మెట్ల మీద కూర్చున్నది పొడుగుతో, పెద్దమ్మతో కలిపి పదకొండుమందిమి. గంటలో పోలీసులొచ్చారు. పొడుగు తల పగిలింది. క్లర్కు ఉద్యోగం అక్కడికక్కడే ఊడింది. స్టేషను నుంచి నేను ఫోన్ చేస్తే, మా నాన్న అంతా విని, "రాంగ్ నంబరు" అని పెట్టేశాడు.

ఎస్సై కాగితం తీశాడు. "మీలో అలాంటివాళ్ళు ఇటు రండి. ఇళ్ళకు కబురు పెట్టాలి. మిగతావాళ్ళు పోవచ్చు."

పొడుగు గోడ పట్టుకుని లేవబోయాడు. పెద్దమ్మ వాడి భుజం నొక్కి కూర్చోబెట్టి, తనే ముందుకు నడిచింది. ముగ్గురు పిల్లల తల్లి. ఆమె వెనకే అందరం వెళ్ళి నిలబడ్డాం. ఎస్సై కాగితం నలిపేసి, అందర్నీ లాకప్పులో వేయించాడు.

మర్నాడు పొద్దున మెస్సులో పొయ్యి వెలగలేదు. వంటవాళ్ళంతా వెళ్ళి ఆ మెట్ల మీద కూర్చున్నారు. ఆ కబురు మాకు తెచ్చింది కార్యదర్శే. చిరిగిన చొక్కాతో వాణ్ణి మా మధ్యకు తోసి తలుపేశారు.

"కాస్త చోటివ్వండి" అన్నాడు వాడు, పెదవి మీది రక్తం తుడుచుకుంటూ. "వెనక ఇంకా వస్తున్నారు."