చెయ్యెత్తితే ఆగాలి

పిట్ట చెయ్యి యంత్రంలో పడ్డప్పుడు ఆ పిల్ల ఎంత అరిచిందో మాకెవరికీ తెలియదు. నూలు మిల్లు షెడ్డులో అరుపు వినపడదు. పక్కనే నిలబడి గొంతు చించుకున్నా పెదాలు కదలడం కనిపిస్తుందే తప్ప మాట చేరదు. అందుకని మాకొక రివాజు ఉంది. ఎవరైనా అరచెయ్యి విప్పి పైకెత్తితే, చూసినవాళ్ళు తమ మిషను ఆపి తామూ చెయ్యెత్తాలి. వరస వెంట వరస చేతులు లేస్తాయి, రెప్పపాటులో షెడ్డంతా ఆగిపోతుంది. అన్నీ ఆగితేనే అరిచేవాళ్ళ గొంతు వినిపిస్తుంది, ఎటు పరిగెత్తాలో తెలుస్తుంది. ఎందుకని అడగకూడదు. కొత్తగా చేరిన మనిషికి తెగిన దారం ముడెయ్యడం కంటే ముందు ఇదే నేర్పుతాం.

ఆ రోజు ముందుగా చూసింది పెద్దక్క. ఆవిడ మాలో ఎవరికీ సొంత అక్క కాదు, అందరికీ అక్కే. ఆవిడ చెయ్యి లేచింది, మా చేతులు లేచాయి, గోడ దగ్గరున్నామె మెయిన్ స్విచ్చి దించేసింది. అప్పుడు వినిపించింది పిట్ట గొంతు. దూది ఏకే మిషను రోలర్ల మధ్య చెయ్యి మణికట్టు దాకా ఇరుక్కుని ఉంది. ఆ రోలర్లకు అడ్డంగా ఇనప జల్లెడ ఉండాలి. శుభ్రం చేసినప్పుడల్లా దాన్ని విప్పి బిగించడం దండగని మేనేజరు ఎప్పుడో తీయించేశాడు.

ఈలదొర పరిగెత్తుకొచ్చాడు. ఆయన మా సూపర్‌వైజరు. ఎవరికీ వినపడని ఈలను మెళ్ళో వేసుకుని రోజంతా ఊదుతూ తిరుగుతాడు కాబట్టి మేం పెట్టుకున్న పేరది. పిట్ట వైపు ఒకసారి చూశాడు, గోడ గడియారం వైపు రెండుసార్లు చూశాడు. ఒక్క మనిషి కోసం షెడ్డంతా పడుకోబెడతారా అంటూ మెయిన్ స్విచ్చి మీదికి చెయ్యి చాపాడు. పిట్ట చెయ్యి ఇంకా రోలర్లలోనే ఉంది. పెద్దక్క ఆయన్ని రెండు చేతులా తోసింది. వెళ్ళి కండెల బండి మీద పడ్డాడు, మెడ కింద ఎముక విరిగింది. మేం రోలర్లు విప్పి పిట్ట చెయ్యి బయటికి తీశాం. తీశామన్న మాటే గానీ, అందులో చెయ్యనదగ్గది పెద్దగా మిగల్లేదు.

సాయంత్రం పోలీసులొచ్చారు. చెయ్యి గురించి కాదు, ఎముక గురించి.

పెద్దక్క మీద కేసు పెట్టి పనిలోంచి తీసేశారు. బెయిలు మీద బయటికొచ్చిన ఆవిణ్ని అత్తగారు గుమ్మంలోనే నిలబెట్టి దులిపేసింది. గాలికి పోయే కంపను నువ్వే ఎందుకు తగిలించుకోవాలి కోడలా అని. అవునవునని తలూపిన పక్కింటామెను మాత్రం నా కోడల్ని నేనంటాను, నీకేం పనని గదిమింది. ముసలావిడ న్యాయం ముసలావిడది. మేం తర్వాత చూసిన న్యాయాల కంటే అదే నయం.

కింది కోర్టులో మేనేజరూ ఈలదొరా ఒకే మాట చెప్పారు. ఆవిడ సైగ చెయ్యగానే మిషన్లన్నీ ఒక్కసారి ఆగిపోయాయన్నారు. మేమూ బోనెక్కాం. జల్లెడ లేదని చెప్పాం, స్విచ్చి సంగతి చెప్పాం. ముందు నుంచీ అనుకునే ఆపారా అని అవతలి ప్లీడరు అడిగితే లేదన్నాం. అంతటితో దిగిపోయాం. ఒక సైగకు అంతమంది ఒకే క్షణంలో పని ఆపాలంటే ముందే కుట్ర పన్ని ఉండాలని మేజిస్ట్రేటు తేల్చాడు. జల్లెడ ఈ కేసుకు సంబంధం లేని విషయమట. రెండేళ్ళ జైలు వేశాడు.

అప్పీలుకు వెళ్ళాం. పై కోర్టు అదే మాటను ఇంకా చక్కటి భాషలో మళ్ళీ రాసింది. ఇక హైకోర్టులో రివిజన్ వేద్దామన్నాడు వకీలు. వేశాం. పెద్దక్క బెయిలు మీదే ఉంది.

ఈలోగా మిల్లులో నోటీసు వెలిసింది. చెయ్యెత్తడం కుట్రేనని కోర్టులు తేల్చాయి కనుక, సూపర్‌వైజరు చెప్పకుండా మిషను ఆపినవాళ్ళకు ఉద్యోగం ఉండదు. ఆ సాయంత్రం పెద్దక్క ఇంట్లో కాలు పెట్టే చోటు లేకుండా కూర్చున్నాం. కుర్రకారంతా సమ్మె చేద్దామన్నారు. మేస్త్రీ వద్దన్నాడు. మాలో అందరికంటే పాతకాపు ఆయన, చాలామందికి ఈ పని నేర్పిన మనిషి. వ్యవహారం కోర్టులో ఉంది, ఇప్పుడు పని ఆపితే చూశారా కుట్రేనని మన నెత్తినే రుద్దుతారు, పై జడ్జీ అయినా వింటాడు, ఓపిక పట్టండన్నాడు. అదీ నిజమే అనిపించింది. ఓపిక పట్టాం.

తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, కాలేజీల్లో చట్టం చదివేవాళ్ళు మీలోనూ ఉంటారు, అందుకే ఇది విడిగా చెప్తున్నాను. యజమానికి కోర్టు చేసిన పెద్ద మేలు తీర్పు కాదు. తీర్పు కోసం మమ్మల్ని కూర్చోబెట్టడం. వాయిదా మీద వాయిదా పడుతుంటే మా చేతులు వాటంతటవే కిందికి దిగిపోయాయి. ఈలదొరకు ఈల ఊదే శ్రమ కూడా తప్పింది.

అలా కూర్చున్న కాలంలోనే బస్తాలు మోసే ముసలాయన పైపంచె మిషను బెల్టులో చుట్టుకుంది. ఎదురుగా ఉన్నది మేస్త్రీ. ఆయన చెయ్యి లేచింది. భుజం దాకా వచ్చి, గోడ మీది నోటీసు దగ్గర ఆగిపోయింది. మళ్ళీ లేచేసరికి ముసలాయన మెడ బిగుసుకుపోయి ఉంది. శవాన్ని మోసినవాళ్ళలో మేస్త్రీ కూడా ఉన్నాడు.

చివరికి హైకోర్టులో కేసు పిలిచే రోజు వచ్చింది. మేం ఆ రోజు జీతం వదులుకుని, ఉతికిన బట్టలు కట్టుకుని బయల్దేరాం. ఎవరేం చెప్పాలో రైల్లో ఒకరికొకరం అప్పజెప్పుకున్నాం. పిట్ట తన మొండి చేతిని కొంగు కింద దాచుకుని కూర్చుంది. జడ్జిగారికి చూపించాలని అంత దూరం వచ్చింది. కోర్టు వరండాలో మమ్మల్ని చూసి వకీలు నిర్ఘాంతపోయాడు.

"వీళ్ళంతా ఎవరమ్మా?"

"సాక్షులం," అన్నాం.

"ఇక్కడ సాక్షులుండరు. అప్పీలులో అయితే సాక్ష్యం మళ్ళీ తూచేవాళ్ళు. ఇది రివిజన్. కింది కోర్టులు చట్టం తప్పాయా లేదా అన్నదే చూస్తారు. ఏం జరిగిందన్నది కిందనే తేలిపోయింది."

"తేలిందెక్కడ నాయనా, మునిగింది కదా," అంది మాతో వచ్చిన పెద్దక్క అత్త.

మేస్త్రీ ముందుకొచ్చి, చెయ్యెత్తితే ఆగాలన్న రివాజు గురించైనా జడ్జిగారికి చెప్పమన్నాడు. ఏం రివాజన్నాడు వకీలు. చెప్పాం. ఆయన చేతిలో ఫైలు బెంచీ మీద పెట్టి, పక్కనే కూర్చుండిపోయాడు.

"ఇన్నేళ్ళూ నాకెందుకు చెప్పలేదు? కింది కోర్టులో ఒక్కరైనా ఎందుకు అనలేదు?"

"మీకు తెలియదని మాకెలా తెలుస్తుందయ్యా," అన్నాడు మేస్త్రీ.

నిజంగానే మాకు తట్టలేదు. నీళ్ళు తడిగా ఉంటాయని ప్రమాణం చేసి చెప్పేవాళ్ళెవరు? చెయ్యెత్తితే ఆగాలన్నది తెలియని మనుషులు కూడా ఉంటారనీ, వాళ్ళే మాకు తీర్పు చెప్తారనీ ఎన్నడూ అనుకోలేదు.

లోపల ఫ్యాను కిర్రుమంటోంది. జడ్జి దుర్మార్గుడిలా కనిపించలేదు. అలసిపోయిన మనిషి, ముందు ఫైళ్ళ గుట్ట. ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు.

"ముందుగా అనుకోకపోతే అంతమంది ఒకేసారి ఎలా ఆపారు?"

"అది ఆ షెడ్డులో రివాజండీ. ప్రమాదం జరిగితే..."

"రికార్డులో ఉందా?"

వకీలు ఊరికే కాగితాలు తిప్పాడు. "లేదండీ."

అప్పుడు వెనక బెంచీలోంచి పిట్ట లేచింది. కొంగు తీసేసి మొండి చెయ్యి పైకెత్తింది. అలవాటు కదా, మేమంతా ఎక్కడివాళ్ళం అక్కడ బిగుసుకుపోయి మా చేతులూ ఎత్తాం. జడ్జి తల వంచుకుని ఫైలు చూస్తున్నాడు. బంట్రోతు గబగబా వచ్చి చేతులు దించమని సైగ చేశాడు. ఆ చెయ్యి కూడా రికార్డులోకి ఎక్కలేదు.

కొన్ని వారాలకు తీర్పొచ్చింది. రెండు కోర్టులూ ఒకే నిర్ణయానికి వచ్చినప్పుడు రివిజన్‌లో జోక్యం చేసుకోలేమన్నారు. అయితే ఆడమనిషి, మొదటి నేరం కనుక దయతలచి శిక్షను ఏడాదికి తగ్గించారు. గుడ్డిలో మెల్ల అన్నాడు వకీలు. పెద్దక్క ఆయన్ని కోప్పడలేదు.

"నేను తగ్గించమని అడగలేదండీ. ఆ స్విచ్చి వేసుంటే ఆ పిల్ల ఏమయ్యేదో అడగమన్నాను. ముగ్గురు జడ్జీల్లో ఒక్కరూ అడగలేదు."

లొంగిపోవడానికి గడువిచ్చారు. ఆ గడువుకు ముందు రోజు మళ్ళీ పెద్దక్క ఇంట్లో కూర్చున్నాం. ఈసారి ముందుగా నోరు విప్పింది మేస్త్రీ.

"నా చెయ్యి సగంలో ఆగిపోయిన రోజే మనం ఓడిపోయాం. పై కోర్టు కోసం చూశాను. ఇంక చూడ్డానికి పైన ఏముంది? జల్లెడలు బిగించాలి, నోటీసు చింపాలి. అప్పటిదాకా ఆపుదాం."

ఎవరూ కాదనలేదు. ముందు చెయ్యెవరిదన్నప్పుడు పిట్ట నాదంది. ఒంటిచేత్తో చీపురు పట్టి ఆ షెడ్డునే ఊడుస్తోందిప్పుడు. కంపెనీ వారి దయ అది. మూడు కోర్టులు వెతికి వెతికి చూపించిన కుట్ర ఆ గదిలో అప్పుడే మొదటిసారి పుట్టింది.

మర్నాడు పొద్దున పెద్దక్క చిన్న సంచీ పట్టుకుని, అత్తను వెంటబెట్టుకుని మిల్లు ముందు నుంచే కోర్టుకు నడిచింది. గేటు దగ్గర ఒక్క క్షణం నిలబడింది. లోపల పిట్ట చీపురు కింద పడేసి మొండి చెయ్యెత్తింది. మేస్త్రీ చెయ్యెత్తాడు. ఈసారి అది ఎక్కడా ఆగలేదు. వరస వెంట వరస చేతులు లేచాయి, మెయిన్ స్విచ్చి దిగింది.

ఆ వీధిలో మిల్లు హోరు లేని పగలు ఎవరూ ఎరగరు. జనం ఇళ్ళలోంచి బయటికొచ్చారు. ఈలదొర ఈల ఆ రోజు అందరికీ వినిపించింది. ఊదీ ఊదీ, ఎవరి చెయ్యి పడిందని అడిగాడు.

"మా అందరిదీ," అంది పిట్ట. షెడ్డు ఆగి ఉంది కాబట్టి ఆ మాట గేటు దాకా వినపడింది. పెద్దక్క అటు తిరిగి చెయ్యెత్తి, తర్వాత నడిచి వెళ్ళిపోయింది. అత్త మాత్రం గేటు ముందే చతికిలబడింది. కోడలు జైల్లో ఉన్నన్నాళ్ళూ నేనిక్కడే, ఎవడు లేపుతాడో చూస్తానంది.

జల్లెడలు ఇంకా బిగించలేదు, మేమూ ఇంకా మిషన్లు తిప్పలేదు. గేటు ముందు పోలీసు వాన్లు నిలబెట్టారు. మా అందరి మీదా కుట్ర కేసు పెట్టారు, వాయిదా కూడా వేశారు. వెళ్తాం. బోనెక్కిన ప్రతి ఒక్కరం, పేరు కూడా చెప్పకముందు, మొదట రాయించేది ఒకటే: మా షెడ్డులో చెయ్యెత్తితే ఆగాలి.